బెజవాడలో టీ కొట్లు, బేకరీలు: ఒక్క సాయంత్రంలో తిరిగి రావడం ఎలా?

బెజవాడలో మంచి టీ ఎక్కడ, మంచి ఎగ్ పఫ్ ఎక్కడ అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. షాపుల పేర్లు వరసగా రాసిమ్మంటారు. నేను రాయను. టీ కాసేది బోర్డు కాదు, మాస్టర్. జీతం దగ్గర మాటా మాటా వచ్చి ఆయన పక్క వీధికి మారిపోతే రుచి కూడా ఆయన వెంటే పోతుంది. బోర్డు మాత్రం అక్కడే మెరుస్తూ ఉంటుంది. బేకరీల్లోనూ ఇదే కథ. పొద్దున పది గంటలకి అద్భుతంగా ఉన్న పఫ్ రాత్రి ఎనిమిదింటికి అదే షాపులో అట్టముక్కలా ఉంటుంది.

అందుకని ఏ వేళకి వెళ్లాలి, వెళ్లాక ఏం చూడాలి, ఏం అడగాలి, తిన్నది బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నంతవరకే ఇక్కడ చెబుతాను. ఇవి తెలిస్తే షాపులు మీకే దొరుకుతాయి.

కావలసినవి

- తోడుగా ఒక మనిషి. ఒక్కరే వెళితే మూడో టీకే కడుపు మొరాయిస్తుంది. ఇద్దరుంటే ప్రతిచోటా వన్ బై టూ చెప్పొచ్చు, పఫ్ సగం సగం చేసుకోవచ్చు.
- బైక్ లేదా స్కూటీ. కారు వద్దు. గవర్నర్‌పేట, వన్‌టౌన్ సందుల్లో కారు పెట్టే చోటు వెతికేలోగా పఫ్‌లు అయిపోతాయి.
- పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని. ఫోన్‌పే ఎక్కడైనా తీసుకుంటారు కానీ, రద్దీలో సిగ్నల్ రాక స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంటే వెనక నిలబడ్డవాళ్లు ఊరుకోరు.
- మంచినీళ్ల సీసా. తాగడానికే కాదు, ఒక కొట్టుకీ ఇంకో కొట్టుకీ మధ్య నోరు పుక్కిలించడానికి కూడా.
- మూతున్న స్టీలు డబ్బా, వీలైతే చిన్న ఫ్లాస్కు.
- మరీ ఖాళీగా కాకుండా, మరీ నిండుగా కాకుండా ఉన్న కడుపు. పరగడుపున వరసగా టీలు తాగితే మంట ఖాయం.

1. ఒక్క పేట పెట్టుకోండి

ఊరంతా ఒకే సాయంత్రం చుట్టేద్దామని బయల్దేరినవాళ్లు సగంలో ఇంటికొచ్చేస్తారు. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్‌కి బండి తీసి చూడండి. ట్రాఫిక్‌లోనే టీ మీద కోరిక చచ్చిపోతుంది.

మొదటిసారి అయితే గాంధీనగర్, గవర్నర్‌పేట ఎంచుకోండి. రైల్వే స్టేషన్ వైపు నుంచి మొదలుపెట్టి, లెనిన్ సెంటర్ మీదుగా బీసెంట్ రోడ్డుకి చేరితే దారంతా నడిచి వెళ్లగలిగినదే. పాత టీ కొట్లు, పాత బేకరీలు, మధ్యలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు. రెండు టీల మధ్య అరగంట గడపడానికి పాత పుస్తకాల షాపుని మించింది లేదు.

వన్‌టౌన్ రుచి వేరు. కాళేశ్వరరావు మార్కెట్, వస్త్రలత చుట్టుపక్కల టీ అంతా షాపుల్లో పనిచేసేవాళ్ల కోసం కాసేది. చిన్న గ్లాసు, చిక్కటి టీ, తీపి దండిగా. మార్వాడీ వ్యాపారులు ఉన్న వీధుల్లో కచోరీలు, సమోసాలు, గుడ్డు లేని సరుకు సులువుగా దొరుకుతాయి. హోల్‌సేల్ షాపులు తెరిచి ఉన్న రోజే వెళ్లండి. షాపులు మూస్తే టీ గిన్నెలు కూడా సగమే ఎక్కుతాయి.

మొగల్రాజపురం, లబ్బీపేట, పటమట వైపు ఏసీ కెఫేలు, అద్దాల బేకరీలు, కాలేజీ పిల్లలు. కూల్ కేకులకి బాగుంటుంది. టీకి మాత్రం మీరిచ్చే డబ్బులో సగం కుర్చీ అద్దె అనుకోండి. గంటసేపు కూర్చుని మాట్లాడుకోవాలంటే ఆ అద్దె దండగ కాదు.

2. వేళ చూసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే.

టీకి పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మంచి వేళలు. రద్దీ ఉంటుంది కాబట్టి గిన్నె ఖాళీ అవుతూ ఉంటుంది, కొత్త పాలు పడుతూ ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికి వెళితే చాలాచోట్ల పొద్దుటి టీకే మళ్లీ సెగ పెట్టి పోస్తారు. స్టేషన్, బస్టాండ్ దగ్గర ఈ లెక్క వర్తించదు. అక్కడ రైళ్లు, బస్సులు వచ్చినప్పుడల్లా రద్దీయే.

బేకరీకి వెళ్లేముందు ఒక ప్రశ్న అడగాలి: "పఫ్‌లు ఓవెన్ నుంచి ఎన్నింటికి దింపుతారండీ?" పదిన్నరకి, నాలుగింటికి అంటూ టైమ్ చెప్పారంటే అక్కడే కాలుస్తున్నారన్నమాట, లేదా కనీసం సరుకు వచ్చే వేళ వాళ్లకి తెలుసు. "ఎప్పుడొచ్చినా వేడిగానే ఉంటాయి సార్" అన్నారంటే మైక్రోవేవ్ ఉందని అర్థం.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదున్నరకి ముందు బయటికి రాకండి. నలభై డిగ్రీలు దాటిన ఎండలో పొయ్యి పక్కన నిలబడి రుచులు తేల్చడం ఎవరివల్లా కాదు. ఆ నెలల్లో పొద్దుటి పూటే నయం.

3. టీ చెప్పకముందు రెండు నిమిషాలు నిలబడి చూడండి

గిన్నెలో టీ రంగు చూడండి. ఇప్పుడే కాగిన టీకి ఎరుపు కలిసిన గోధుమ రంగు ఉంటుంది. గంటలకొద్దీ సెగ మీద ఉన్నది మట్టి రంగుకి తిరిగి, అంచుల వెంట నల్లగా చారలు కట్టి ఉంటుంది. వడకట్టే గుడ్డ ఎలా ఉందో చూడండి. టీ గుడ్డ తెల్లగా ఉండాలని ఎవరూ అనరు, కానీ పుల్లటి వాసన రాకూడదు. గ్లాసులు ఒకే బకెట్లో ముంచి తీస్తున్నారా, పారే నీళ్లలో కడుగుతున్నారా? బకెట్ నీళ్లు పాలరంగులోకి మారితే పేపర్ కప్పు అడగండి.

పేపర్ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి ద్రవం అందులో 15 నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి 25 వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో తేల్చారు. కప్పు పట్టుకుని కబుర్లలో పడకుండా తాగేయండి. వేడినీళ్లతో కడిగిన గాజు గ్లాసు దొరికితే అంతకంటే మంచిది లేదు.

బోర్డు మీద ఇరానీ చాయ్ అని ఉంటే పొయ్యి వైపు చూడండి. ఇరానీ పద్ధతిలో డికాషన్ ఒక పాత్రలో మూతపెట్టి మగ్గుతుంది, పాలు ఇంకో పాత్రలో చిక్కగా మరుగుతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. రెండు పాత్రలు కనిపించాలి. ఒకే గిన్నెలోంచి పోస్తుంటే అది మన మామూలు టీయే. తాగడానికి బాగుండొచ్చు, ఇరానీ మాత్రం కాదు.

4. అడిగే పద్ధతి

"బాబాయ్, షుగర్ తక్కువ" అని చెప్పి నిశ్చింతగా నిలబడేవాళ్లు చాలామంది. చక్కెర ముందే గిన్నెలో పడిపోయి ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కాసిన్ని పాలు ఎక్కువ పోసి ఇస్తాడు. మీరు తక్కువ తీపి అనుకుని తాగేస్తారు. కాబట్టి ముందు అడగాల్సింది "చక్కెర విడిగా వేస్తారా, కలిపేశారా?" అని. కలిపేసి ఉంటే షుగర్ ఉన్నవాళ్లు లెమన్ టీయో బ్లాక్ టీయో చక్కెర లేకుండా విడిగా చేయించుకోవాలి. ఇరానీ పద్ధతి కొట్టులో కూడా ఇదే ప్రశ్న అడగండి, డికాషన్‌లోనే తీపి వేసి ఉంచే చోట్లు ఉన్నాయి.

ఇంకో మంచి ప్రశ్న: "కొత్త గిన్నె ఎంతసేపట్లో?" ఐదు నిమిషాలంటే ఆగండి. మాస్టర్లు ఈ ప్రశ్నకి కోపగించుకోరు. టీ గురించి తెలిసినవాడొచ్చాడని ఇంకాస్త శ్రద్ధగా కాస్తారు. రద్దీ మధ్యలో మాత్రం అడగొద్దు.

5. తాగి తేల్చుకోండి

మొదటి రెండు గుక్కలు ఏమీ తినకుండా తాగాలి. ముందే బిస్కెట్టో కేకో తింటే ఆ తీపి నోట్లో ఉండిపోయి, ఎంత మంచి టీ అయినా చప్పగా, వగరుగా తోస్తుంది. పునుగులు, మిర్చి బజ్జీ తిన్న నోటికి వేడి టీ అసలే వద్దు, కారం రెట్టింపవుతుంది. ముందు టీ, తర్వాత పునుగులు.

ఇక చూడాల్సినవి. కాస్త వగరు ఉండాలి, అది టీ గుణం. నాలుక వెనక చేదు అంటుకుని పోకుండా ఉంటే పొడి ఎక్కువ మరిగిందని గుర్తు. మన కొట్లలో వాడేది సన్నటి డస్ట్ టీ. గబుక్కున రంగు దిగుతుంది, అంతే గబుక్కున చేదెక్కుతుంది.

అల్లం టీలో ఘాటు గొంతులో తెలియాలి. యాలకుల టీలో వాసన తాగాక కూడా కాసేపు నిలవాలి. కప్పు దగ్గరికి తేగానే గుప్పుమని, నోట్లోకి వెళ్లాక ఏమీ లేకపోతే అది ఎసెన్స్.

బెల్లం టీ అయితే గ్లాసు పక్కకి వంచి గోడ చూడండి. సన్నగా తెల్లటి రవ్వ అంటుకుంటే పాలు విరిగాయి. బెల్లం కలిపాక పాలు మరిగిస్తే జరిగేది ఇదే. దింపాక కలపాలి, లేదా పాలు చివర్లో పోయాలి. విరిగిన బెల్లం టీ విషమేమీ కాదు, కానీ ఆ కొట్టులో బెల్లం టీ మళ్లీ చెప్పొద్దు.

టీ నచ్చి అక్కడే విడిపొడి కొనాలనిపిస్తే ఇంటికి తెచ్చాక చిన్న పరీక్ష చేయండి. ఫిల్టర్ కాగితం మీద పొడి పరిచి, నీళ్లు చిలకరించి, కుళాయి కింద పొడి కడిగేసి, కాగితాన్ని వెలుతురులో చూడండి. ముదురు మరక వెంటనే పడితే రంగు కలిపినట్టే. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇళ్లలో చేసుకోమని చెప్పిన పరీక్షే ఇది.

6. బేకరీలో సాదా సరుకుతో మొదలుపెట్టండి

అద్దాల పెట్టెలో మెరిసే కూల్ కేకు మీదకే చూపు పోతుంది. పోనివ్వండి, చేయి మాత్రం బన్ను మీద, ప్లెయిన్ కేకు మీద, సాల్ట్ బిస్కెట్ మీద వేయండి. క్రీమ్ కింద ఎన్ని తప్పులైనా దాగుతాయి. ప్లెయిన్ కేకులో దాచడానికి చోటు లేదు.

ప్లెయిన్ కేకు ముక్కని వేలితో మెల్లగా నొక్కి వదలండి. పైకి లేస్తే తాజాది. గుంట పడి అలాగే ఉంటే సరిగా కాలలేదు. పొడిపొడిగా రాలితే పాతబడింది. తిన్నాక నాలుక మీద సబ్బు లాంటి రుచి మిగిలితే సోడా ఎక్కువైంది. ఉస్మానియా బిస్కెట్ విరిచినప్పుడు తెగినట్టు విరగాలి, ఉప్పూ తీపీ రెండూ తెలియాలి. వంగి, సాగి విరిగితే గాలి తగిలి మెత్తబడింది. వానాకాలంలో డబ్బా మూత తీసిపెట్టే షాపుల్లో ఇది మామూలే.

బెంగళూరు అయ్యంగార్ బేకరీ అని బోర్డున్న చోట ఖారా బన్ను (కారం బన్ను), దిల్‌పసంద్ (లోపల కొబ్బరి కూరిన తీపి రొట్టె) అడగండి. ఆ రకం బేకరీల బలం అక్కడే ఉంటుంది. దిల్‌పసంద్‌లో మెరిసే ఎర్ర, పచ్చ ముక్కలు టూటీ ఫ్రూటీ, అంటే చక్కెర పాకంలో ఊరిన పచ్చి బొప్పాయి. కేకు మీద కూర్చున్న ఎర్రటి చెర్రీ చాలాసార్లు మన వాక్కాయే, రంగేసి పాకం పట్టింది. పప్పులోకి వేసుకునే వాక్కాయకి అంత వైభోగం పట్టిందంటే నాకైతే సంతోషమే, కానీ చెర్రీ అని ఎక్కువ డబ్బులివ్వకండి.

గుడ్డు తినని వాళ్లు "ఎగ్‌లెస్సేనా?" అని అడిగి ఊరుకోకూడదు. కోసే కత్తి, ట్రే ఒకటేనా అని కూడా అడగండి. ప్యాకెట్ సరుకైతే ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు.

7. పఫ్ పరీక్ష

బెజవాడలో సాయంత్రం పఫ్ తినని కాలేజీ పిల్లాడు ఉండడు కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు అడుగు భాగం చూడండి. కాగితం మీద పెట్టి ఇస్తారు కదా, పఫ్‌ని ఎత్తి చూస్తే కాగితం మీద నూనె మరక ఎంత పడిందో తెలుస్తుంది. కొంచెం సహజం. కాగితం అద్దంలా పారదర్శకంగా మారిపోతే పొరలు సరిగా విచ్చుకోలేదు, కొవ్వంతా కిందికి కారింది. అచ్చు కాగితంలో, న్యూస్‌పేపర్లో ఇస్తే మీ స్టీలు డబ్బా చాపండి. తినేవాటిని న్యూస్‌పేపర్లో చుట్టడం నిషేధం కూడా.

తర్వాత అంచు విరవండి. పొరలు విడివిడిగా లేచి, చప్పుడు చేస్తూ, చొక్కా మీద రాలాలి. రాలకుండా సాగిందంటే మైక్రోవేవ్‌లో వేడి చేశారు. మైక్రోవేవ్ తేమని కదిలిస్తుంది, కరకర తెప్పించలేదు. ఓవెన్‌లో కానీ ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) కానీ పెట్టి ఇవ్వగలరా అని అడగండి. కుదరదంటే చల్లటిదే తినండి, సాగేదానికంటే అదే నయం.

మూడోది, తిన్నాక అంగిలి మీద నాలుక ఆడించండి. మైనం పూసినట్టు పొర ఉందా? నోటి వేడికి కరగని గట్టి కొవ్వు వాడితే అలా ఉంటుంది. వెన్నతో చేసిన పఫ్‌కి ఆ పొర ఉండదు, కానీ పఫ్ ధరకి వెన్న వేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. కొవ్వుల్లో గుండెకి చేటు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 నుంచి నియమం ఉంది. అలాగని రోజూ తినమని కాదు.

ఎగ్ పఫ్‌లో ఉల్లిపాయ మసాలా వాసన చూడండి. పులిసిన వాసన ఉంటే వదిలేయండి, డబ్బులు పోతే పోనీ. రాత్రి తొమ్మిది తర్వాత, అందులోనూ ఎండాకాలం, ఎగ్ పఫ్, చికెన్ పఫ్ జోలికి వెళ్లొద్దు. బల్బు వెలిగే అద్దాల పెట్టెలోని గోరువెచ్చదనం మనకంటే క్రిములకే సుఖం.

8. కూల్ కేకు చివర్లో

ఒక ముక్క చాలు, ఇద్దరికీ. ఫ్రిజ్ అద్దం మీద చేయి పెడితే చల్లగా తగలాలి. క్రీమ్ మీద చెమటలా నీటి బొట్లు, అంచుల్లో పగుళ్లు, లేదా క్రీమ్ ఒక పక్కకి జారి ఉండటం చూస్తే కరెంటు పోయి ఫ్రిజ్ ఆగి మళ్లీ నడిచిందేమోనని అనుమానించాలి. పైనాపిల్ రుచికీ బటర్‌స్కాచ్ రుచికీ తేడా కళ్లు మూసుకుంటే తెలియకపోతే అక్కడ ఎసెన్సే పనిచేస్తోంది. క్రీమ్ నోట్లో కరిగి పాల రుచి రావాలి. ఎక్కువచోట్ల వాడేది పాలతో సంబంధం లేని విప్పింగ్ క్రీమ్, అది తియ్యటి నురగలా ఉంటుంది. తప్పేమీ కాదు, ఫ్రెష్ క్రీమ్ ధర మాత్రం ఇవ్వకండి.

9. రాసుకోండి, మళ్లీ వెళ్లండి

షాపు, వీధి, వెళ్లిన టైమ్, ఏం తీసుకున్నారు, ఒక్క ముక్కలో రుచి. చుక్కలు, మార్కులు అక్కర్లేదు. టైమ్ మాత్రం తప్పకుండా రాయండి. నచ్చిన చోటికి వారం తర్వాత వేరే వేళకి వెళ్లి అదే సరుకు తీసుకోండి. రెండుసార్లూ ఒకేలా ఉంటే ఆ షాపు చేతికి చిక్కినట్టే. ఒకసారి బాగుండి ఇంకోసారి బాగోకపోతే టైమ్ చూసుకోండి, చాలావరకు తేడా అక్కడే ఉంటుంది. టైమ్ కూడా సరిగానే ఉండి రుచి పోతే పొయ్యి దగ్గర ఎవరున్నారో చూడండి.

ఎక్కువగా చేసే పొరపాట్లు

గుంపు చూసి దూరిపోవడం. గుంపులో సగంమంది సిగరెట్ కోసం, కబుర్ల కోసం వచ్చినవాళ్లే. ఎంతమంది నిలబడ్డారన్నది వదిలేసి, గిన్నె ఎంత తొందరగా ఖాళీ అవుతోందో చూడండి.

ఒక్క పూటలో నాలుగు కంటే ఎక్కువ టీలు. ఐదోదాని దగ్గర నాలుక మొద్దుబారి అన్నీ ఒకేలా ఉంటాయి. పైగా రాత్రి ఏడింటి తర్వాత తాగితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

టీ పార్శిల్‌ని ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం. మరిగే టీ, పల్చటి కవరు, దారం ముడి: ఆరోగ్యం మాట అటుంచి, స్కూటీ హ్యాండిల్‌కి తగిలించాక ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు. ఫ్లాస్కు తెమ్మన్నది అందుకే. ఫ్లాస్కులో ముందు వేడినీళ్లు పోసి ఒంపేసి, తర్వాత టీ పోయించుకోండి. గంట లోపు తాగాలి, ఆ తర్వాత పాల టీకి ఫ్లాస్కు వాసన పడుతుంది.

పండగ రోజుల సంగతి

దసరాకి ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు, వన్‌టౌన్ ఆ పది రోజులూ మరిచిపోండి. రంజాన్ నెలలో మాత్రం సాయంత్రం దాటాక అటే వెళ్లాలి, టీలు రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. డిసెంబర్లో ప్లమ్ కేకు కొనేటప్పుడు చేతిలో పట్టుకుని బరువు చూడండి. పండ్లు, కిస్‌మిస్ నిజంగా పడిన కేకు సైజుకి మించిన బరువు ఉంటుంది.

డిసెంబర్ 31న షాపుల ముందు షామియానా వేసి కేకులు గుట్టలుగా పెడతారే, వాటికి దూరంగా ఉండండి. అన్ని కేకులు ఒక్క రోజులో కాల్చి, క్రీమ్ పూయడం ఏ బేకరీ వల్లా కాదు. చాలావరకు ముందు రోజుల్లో చేసిపెట్టినవే, ఆపైన సాయంత్రం నుంచీ ఫ్రిజ్ బయట ఉన్నవి. ఆ రాత్రికి కేకు తప్పదనుకుంటే 28 లోపే మీ లిస్టులో ఉన్న బేకరీకి వెళ్లి అడ్వాన్స్ ఇచ్చి, "31 మధ్యాహ్నం చేసింది కావాలి, ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి, ఏడింటికి వస్తాను" అని చెప్పి, రసీదు మీద ఆ టైమ్ రాయించుకుని రండి.